ఐరిష్ మొదలుపెడుతున్నారా? యాస, యాప్, క్లాసు: ఎవరికి ఏది నప్పుతుంది

"టా కాదు నాన్నా, తా."

సీనియర్ ఇన్‌ఫంట్స్ (ఐర్లండ్ ప్రైమరీ స్కూల్లో రెండో ఏడు) చదివే మా అమ్మాయి పాల గ్లాసు పక్కన పెట్టి మరీ చెప్పింది. డబ్లిన్‌లో మా వంటింటి బల్ల మీద దాని ఐరిష్ భాష హోంవర్క్ కాగితం ఉంది. మొత్తం మూడు వాక్యాలు. 'నేను బాగున్నాను' అనే వాక్యాన్ని నేను గొప్పగా 'టా మే గో మైత్' అని చదివాను. అది పగలబడి నవ్వి 'తా మే గొ మహ్' అంది. నాలుగు మాటల వాక్యంలో నావి రెండు తప్పులు. రెండూ తెలుగువాళ్ళు ఎక్కువగా చేసే తప్పులని నాకు అర్థం కావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఈ మూడు నెలల్లో యాప్ పట్టుకున్నాను, వదిలేశాను. టూరిస్టుల కోసం అచ్చేసిన కార్డు కొన్నాను, పారేశాను. సాయంత్రం క్లాసులో చేరాను, అది మాత్రం ఇంకా నడుస్తోంది. ఐర్లండ్‌లో ఉంటూ పిల్లల చదువు కోసమో, ఆఫీసులో నాలుగు మాటలు కలపడానికో, ఊరికే సరదాకో ఐరిష్ మొదలుపెట్టాలనుకునే వాళ్ళు ఏది ఎంచుకుంటే బాగుంటుందో నాకు తెలిసినంత చెబుతాను.

ముందుగా ఒక లెక్క. 1937 నాటి రాజ్యాంగం ప్రకారం ఐరిషే ఈ దేశానికి మొదటి అధికార భాష. ప్రైమరీ స్కూల్లో అందరికీ ఉంటుంది. కాస్త పెద్దయ్యాక వేరే దేశం నుంచి వచ్చిన పిల్లలకు మినహాయింపు దొరికే వీలుంది. 2022 జనాభా లెక్కల్లో 18,73,997 మంది ఐరిష్ వచ్చని రాయించుకున్నారు. కానీ స్కూలు బయట రోజూ మాట్లాడేవాళ్ళు 71,968 మందే. హైదరాబాద్ వచ్చిన ఏ రాష్ట్రం వాళ్ళయినా ఆటోవాళ్ళతో, కూరగాయల బండి దగ్గర నాలుగు తెలుగు ముక్కలు పట్టేస్తారు. డబ్లిన్ వీధుల్లో ఐరిష్ అలా అంటుకోదు. మనమే వెతుక్కుంటూ వెళ్ళాలి. వెళ్ళే దారి తప్పయితే ఆరు నెలలు వృథా.

మూడు యాసలు, ఒక 'ప్రమాణ భాష'

మొదటి పుస్తకం తెరవగానే వచ్చే ప్రశ్న ఇదే. ఐరిష్‌కి మూడు పెద్ద యాసలున్నాయి. దక్షిణాన కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్ వైపు మన్‌స్టర్ యాస. పడమట గాల్వే, మేయో, ఆరాన్ దీవుల్లో కానాక్ట్ యాస. ఉత్తరాన డోనెగాల్‌లో అల్స్టర్ యాస. ఐరిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న ప్రాంతాలను గేల్టాక్ట్ అంటారు. అవి ఎక్కువగా ఈ పడమటి అంచునే ఉన్నాయి.

'ఎలా ఉన్నారు?' అన్న ఒక్క ప్రశ్న తీసుకోండి. మన్‌స్టర్‌లో 'కొనస్ తీ?' అంటారు. కానాక్ట్‌లో 'కే ఖీ విల్ తూ?' డోనెగాల్‌లో 'గజే మర్ తా తూ?' మూడింటికీ పొంతన ఉందా? భాష పేరు కూడా అంతే. కానాక్ట్‌లో గేల్గె, మన్‌స్టర్‌లో గేలిన్, అల్స్టర్‌లో గేలిగ్. యూట్యూబ్‌లో మూడు వీడియోలు వరసగా చూసి 'ఒక్కొక్కళ్ళు ఒక్కోలా చెబుతున్నారేంటి' అని టెన్షన్ పడేది ఇందుకే. ఎవరూ తప్పు చెప్పడం లేదు.

మరి ప్రమాణ భాష నేర్చుకుంటే సరిపోతుంది కదా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 1958లో ప్రభుత్వం ఒక ప్రమాణ రూపం తెచ్చింది. స్కూలు పుస్తకాలు, ప్రభుత్వ కాగితాలు అందులోనే ఉంటాయి. అయితే అది రాతకు, వ్యాకరణానికి సంబంధించిన ప్రమాణం. ఎలా పలకాలో అది చెప్పదు. మన పత్రికల భాషను ఏ ఊరి యాసలోనైనా చదవొచ్చు చూడండి, అలాగన్నమాట. కాబట్టి రాత ప్రమాణ భాషలో నేర్చుకున్నా, నోటికి ఒక యాస కావాల్సిందే. 'ఏదో ఒకటిలే' అని మూడింటినీ కలిపితే ఎవరి చెవికీ ఎక్కని నాలుగో యాస తయారవుతుంది.

వ్యాకరణం మాటకొస్తే తెలుగువాళ్ళకి మన్‌స్టర్ దగ్గరగా అనిపిస్తుంది. క్రియ చివరే ఎవరన్నది తెలిసిపోతుంది. మనం 'ఉన్నాను' అన్నాక మళ్ళీ 'నేను' అననక్కర్లేదు. వాళ్ళూ 'తాయిమ్' అంటే చాలు, ఉన్నానని అర్థం. 'ఉండేవాణ్ణి' అనడానికి మన్‌స్టర్‌లో 'వీస్' అని ఒక్క మాట, మిగతా చోట్ల 'వీ మే' అని రెండు. కాకపోతే ఒత్తు విషయంలో మన్‌స్టర్ కాస్త ఇబ్బంది పెడుతుంది. రెండో అక్షరం దీర్ఘమైతే బలమంతా దాని మీదికే జారుతుంది. అమ్మాయిని అక్కడ 'క-లీన్' అని లీ మీద నొక్కుతారు. మిగతా రెండు యాసల్లో ఒత్తు మొదటి అక్షరం మీదే.

కానాక్ట్‌కి ఉన్న పెద్ద లాభం వినడానికి దొరికే సరుకు. ఐరిష్ రేడియో, రేడియో నా గేల్టాక్ట్, 1972 నుంచి నడుస్తోంది. దాని ప్రధాన కేంద్రం గాల్వే పడమట కానమారాలోనే ఉంది. 1996లో మొదలైన టీవీ ఛానల్ టీజీ ఫోర్ కూడా అక్కడిదే. మూడు యాసలూ రెండింట్లోనూ వినిపిస్తాయి గానీ, కానమారా గొంతుకి చెవి త్వరగా అలవాటు పడుతుంది.

అల్స్టర్‌లో 'త', 'ద'లు కొన్ని చోట్ల స్పష్టంగా 'చ', 'జ' అవుతాయి. వినసొంపుగా ఉంటుంది. స్కాట్లండ్ గేలిక్ మీద కూడా ఆసక్తి ఉంటే ఇక్కణ్ణుంచి అడుగేయడం తేలిక.

నా తీర్పు సూటిగా చెప్పేస్తాను. కార్క్, కెర్రీ, లిమరిక్ వైపు ఉద్యోగమైతే మన్‌స్టర్. బెల్‌ఫాస్ట్, డెర్రీ, డోనెగాల్ అయితే అల్స్టర్. డబ్లిన్ అయినా, ఐర్లండ్ బయటైనా, ఏ ఊరితోనూ సంబంధం లేకపోయినా కానాక్ట్. ఒక్క మినహాయింపు: మీకు రోజూ ఐరిష్ మాట్లాడే మనిషి ఒకరు దొరికితే, వాళ్ళది ఏ యాసైతే మీదీ అదే. బతికున్న గొంతు ముందు నా లెక్కలన్నీ దండగ.

పలికే తీరు: ఇంగ్లీషు అక్షరాలా, తెలుగు అక్షరాలా?

ఎంపికల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. దీన్ని ఎవరూ ఎంపికగా చూడరు.

నేను మొదట కొన్న టూరిస్టు కార్డులో ప్రతి మాట పక్కనా ఇంగ్లీషువాళ్ళు చదువుకోవడానికి వీలుగా ఉచ్చారణ రాసి ఉంది. అది ఇంగ్లీషు నోటి కోసం రాసింది. దాన్ని మనం మన పద్ధతిలో చదువుతాం. అంటే వక్రీకరణ మీద వక్రీకరణ. 'ధన్యవాదాలు' అనే మాటను ఆ కార్డు చూసి 'గో రెవ్ మా అగట్' అని వారం రోజులు బట్టీ పట్టాను. ఆఫీసులో కానమారా నుంచి వచ్చిన సహోద్యోగి తలుపు పట్టుకుని ఆగితే దర్జాగా అనేశాను. అతను మర్యాదగా "అది మీ భాషా?" అని అడిగాడు.

ఆ రోజు ఇంటికొచ్చి మాటను రికార్డింగ్‌లో పదిసార్లు విని, తెలుగులో రాసుకున్నాను: 'గొర మహ్ అగత్'. మర్నాడు అతనికే చెప్పాను. "తా ఫాల్చ రోత్" అని బదులొచ్చింది, ఫరవాలేదు అన్నట్టు.

ఎందుకు పని చేసిందో చెబుతాను. ఇంగ్లీషు లిపిలో టి కనిపిస్తే మన నోటికి 'ట' వస్తుంది, టి పక్కన హెచ్ ఉంటే 'త' వస్తుంది. కవిత, అనిత పేర్లు అలాగే కదా రాస్తాం. ఐరిష్‌లో లెక్క వేరు. ఒంటరి టి అంటే ఎక్కువగా నాలుక పళ్ళకు తగిలే అచ్చమైన 'త'. టి పక్కన హెచ్ వస్తే 'త' పూర్తిగా పోయి 'హ' మిగులుతుంది. నేను 'టా... మైత్' అని చదివినప్పుడు రెండు గుంటల్లోనూ పడ్డాను. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఈ 'త' కోసం కష్టపడాలి. మనకు 'త' వేరు, 'ట' వేరు అని పలకాబలపం నాడే తెలుసు.

దీర్ఘాలూ అంతే. ఐరిష్‌లో అచ్చు మీద వాలుగీత పెడితే దీర్ఘం. దాన్ని ఫాదా అంటారు. 'బ్రిష్చ' అంటే విరిగిపోయిన, 'బ్రీష్చ' అంటే ప్యాంటు. 'షాన్' అనే పేరు మీద ఫాదా మర్చిపోతే 'షన్', అంటే ముసలి. ఆఫీసు మెయిల్లో ఇలా రాసి పెద్దాయన్ని 'ముసలి గారూ' అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా మనకు కొత్తగా చెప్పాలా?

ఇంకాస్త లోపలికి వెళ్దాం. ఐరిష్ హల్లులన్నిటికీ రెండు రూపాలుంటాయి. లావుది, సన్నది. పక్కన ఇ, ఎ గుణమున్న అచ్చులుంటే సన్నది, అ, ఒ, ఉ ఉంటే లావుది. పుస్తకాల్లో దీనికి పేజీలకు పేజీలు కేటాయిస్తారు. మనకు రెండు ఉదాహరణలు చాలు. 'చాప' అనండి, 'చిలక' అనండి. రెండు 'చ'లూ ఒకటేనా? చాపలోది పళ్ళ దగ్గర పుట్టే దంత్య చ, చిలకలోది తాలవ్య చ. ఇ, ఎ పక్కన తాలవ్యం, అ, ఉ, ఒ పక్కన దంత్యం అని మన వ్యాకరణం చెప్పిందే ఐరిష్ వాళ్ళు అన్ని హల్లులకూ వర్తింపజేశారు. ఎస్ అక్షరం సన్నదైతే 'ష', లావుదైతే 'స'. ఈ ఒక్క సూత్రంతో సగం ఐరిష్ పేర్లు వచ్చేస్తాయి. షివాన్, షినేద్, ఒషీన్, సీర్ష.

ఆఫీసులో పేర్ల జాబితా దీనికి మంచి పాఠం. 'బి' పక్కన హెచ్ వచ్చినా, 'ఎం' పక్కన హెచ్ వచ్చినా 'వ' అని పలుకుతారు, లావు రూపంలో కొన్ని చోట్ల పెదాలు గుండ్రంగా చుట్టి. అందుకే ఎన్-ఐ-ఎ-ఎం-హెచ్ అని రాసిన అమ్మాయి 'నీవ్'. ఎస్-ఎ-డి-హెచ్-బి-హెచ్ అని రాసింది 'సైవ్'. టి-ఎ-డి-హెచ్-జి అబ్బాయి 'తైగ్'. కార్డులో బట్టీ పట్టిన 'నమస్కారం' కన్నా సహోద్యోగి పేరు సరిగ్గా పిలవడానికి విలువ ఎక్కువ. నా అనుభవంలో మాత్రం అంతే.

తెలుగు లిపికి అందని ధ్వనులూ ఉన్నాయి. సి, హెచ్ కలిస్తే వచ్చే ధ్వని 'చ' కాదు, మన 'ఖ' కూడా కాదు. గొంతు వెనక గరగరలాడే ధ్వని. పాతబస్తీలో ఉర్దూ వాళ్ళు 'ఖబర్', 'ఖాన్' అంటారే, అచ్చం అది. జి, హెచ్ కలిస్తే 'గజల్' అన్నప్పుడు ఉర్దూ వాళ్ళ నోట్లో వచ్చే 'గ'. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ఇది ముందే చెవిలో ఉంటుంది. కోస్తా నుంచి వచ్చిన నాకు కాస్త సాధన పట్టింది. నేను నోట్‌బుక్‌లో వీటి కింద ఒక చుక్క పెట్టుకుంటాను. సన్న 'ల', సన్న 'న'లను మాత్రం ఏ లిపీ పట్టుకోలేదు, వినాల్సిందే.

భాషాశాస్త్రవేత్తలు వాడే అంతర్జాతీయ ధ్వని లిపి ఖచ్చితంగానే ఉంటుంది. కానీ భాష నేర్చుకోవడానికి ముందు ఇంకో లిపి నేర్చుకోవాలి. ఓపిక ఉన్నవాళ్ళు నేర్చుకోండి. నాకు లేదు.

కాబట్టి నా పద్ధతి: ముందు విను, తర్వాత తెలుగులో రాసుకో, ఇంగ్లీషు లిపిలోని ఉచ్చారణ జోలికి వెళ్ళకు. పైన నేను రాసిన తెలుగు రూపాలు కూడా చేతికర్రల్లాంటివే. రికార్డింగ్ విన్నాక మీ చెవికి ఎలా వినిపిస్తే అలా దిద్దుకోండి.

మరో చిన్న ముచ్చట. ఐరిష్‌లో కొన్ని జంట హల్లుల మధ్య ఒక అచ్చు దూరుతుంది. నీలాన్ని 'గొర్మ్' అన్నట్టు రాసి 'గొరమ్' అంటారు. ఆ అలవాటు వాళ్ళ ఇంగ్లీషులోకీ వచ్చింది. సినిమాను ఇక్కడి పెద్దవాళ్ళు 'ఫిలం' అంటారు. మనం ఫిలిం అనమూ?

మాట మొదలే మారిపోతే

మొదటి నెలలో అందరూ బెదిరేది దీనికే. ఐరిష్‌లో మాట మొదటి హల్లు సందర్భాన్ని బట్టి మారిపోతుంది. 'బ్యాన్' అంటే స్త్రీ. 'ఆ స్త్రీ' అనాలంటే 'అన్ వ్యాన్'. కార్క్ నగరం 'కొర్కి', కార్క్‌లో అంటే 'ఇ గొర్కి'. నిఘంటువులో వెతికితే దొరకదు. ఇంగ్లీషువాళ్ళకి ఇది మాయలా ఉంటుంది.

టెన్త్‌లో సరళాదేశ సంధి బట్టీ పట్టినవాళ్ళకి ఇది పాత చుట్టం. 'పూచెను కలువలు' కలిస్తే 'పూచెను గలువలు'. ముందు నకారం ఉంటే క కాస్తా గ అవుతుంది. ఐరిష్‌లోనూ చరిత్ర అదే. 'లో' అనే అర్థమిచ్చే ఆ 'ఇ' ఒకప్పుడు 'ఇన్'. న పోయింది, అది చేసిన పని మిగిలింది. క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది. దీన్ని వాళ్ళు 'ఉరూ' అంటారు. రెండో రకం మార్పు 'షేవూ'. అందులో బ, మ రెండూ వ అవుతాయి, త హ అవుతుంది. 'వాడు పోయె' అన్నది పద్యంలో 'వాడు వోయె' అయినప్పుడు మనమేమీ కంగారు పడలేదు కదా.

రాసే పద్ధతి ఒక్కటే వింత. ఉరూలో కొత్త అక్షరం ముందు పెట్టి, పాతదాన్ని అలాగే ఉంచుతారు. చదివేది మాత్రం కొత్తదే. మనం 'తల్లిదండ్రులు' అన్న మాటలో ద పక్కన త కూడా రాసి, దాన్ని పలక్కుండా వదిలేసినట్టు. ఒకసారి అలవాటైతే ఇది మేలే. మూలం ఏమిటో కళ్ళ ముందే కనిపిస్తుంది.

మొదటి రెండు నెలలు ఈ సూత్రాలు బట్టీ పట్టకండి. వాక్యాలను వాక్యాలుగానే నోటికి ఎక్కించుకోండి. కారణం తర్వాత తెలుసుకోవచ్చు.

యాప్, నిఘంటువు, క్లాసు, రేడియో

డ్యుయోలింగోలో ఐరిష్ కోర్సు 2014లో వచ్చింది. ఉచితంగా మొదలుపెట్టొచ్చు. బస్సులో పది నిమిషాలు గడపడానికి, మాటలు పోగేసుకోవడానికి పనికొస్తుంది. కానీ ఏ యాప్ మీదైనా నా అసంతృప్తి ఒకటే. మీరు తప్పు పలికితే మా అమ్మాయిలా నవ్వేవాళ్ళు అందులో ఉండరు. సూత్రం ఎందుకన్నది చెప్పేవాళ్ళూ తక్కువే. యాప్ ఒక్కదాన్నే నమ్ముకుని ఏడాది గడిపిన ఒకాయన మా క్లాసులో ఉన్నారు. ఆయనకు వందల మాటలు చూడగానే తెలుస్తాయి. టీచర్ నోటి నుంచి వస్తే మాత్రం తెలియవు.

దానికి బదులు నేను రోజూ తెరిచేది తాంగ్‌లన్ అనే ఉచిత నిఘంటువు వెబ్‌సైటు. స్పెల్లింగ్ టి-ఇ-ఎ-ఎన్-జి-ఎల్-ఎ-ఎన్-ఎన్, చివర డాట్ ఐ-ఇ. అందులో ఉచ్చారణ విభాగానికి వెళ్ళి మాట కొడితే మూడు బటన్లు వస్తాయి: కానాక్ట్‌కి సి, మన్‌స్టర్‌కి ఎం, అల్స్టర్‌కి యు. అసలు మనుషులు పలికిన రికార్డింగులు. ఏ యాస ఎంచుకోవాలో తేలనివాళ్ళు ఓ అరగంట పది మాటలు మూడేసి రకాలుగా వినండి. ఏ గొంతు దగ్గర చెవి ఆగుతుందో మీకే తెలిసిపోతుంది. 'స్త్రీలు' అనే మాటతో మొదలుపెట్టండి. మన్‌స్టర్‌లో 'మ్నా', మిగతా రెండింట్లో 'మ్రా' అని వినిపిస్తుంది. ఒకే మాట, న ఒక చోట ర అయింది.

ఒంటరి మాటలు కాక మొత్తం వాక్యం వినాలంటే డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ 'అబర్' ఉంది. మీరు టైపు చేసిన వాక్యాన్ని ఎంచుకున్న యాసలో కంప్యూటర్ గొంతు చదివి వినిపిస్తుంది. మనిషి గొంతంత సహజంగా ఉండదు గానీ, పిల్లల హోంవర్క్ ముందు రాత్రి ఆదుకుంటుంది.

క్లాసుల విషయానికొస్తే, 1893లో పుట్టిన కొన్‌రా నా గేల్గె, 1953 నాటి గేల్ లిన్ లాంటి సంస్థలు పెద్దవాళ్ళకి సాయంత్రం క్లాసులు, ఆన్‌లైన్ క్లాసులు నడుపుతాయి. నాకు తేడా తెచ్చింది ఇదే. వారానికి ఒక్కరోజే. కానీ ఎదురుగా మనిషి అడిగితే మూడు సెకన్లలో జవాబు చెప్పాలన్న ఒత్తిడి ఏ యాప్‌లోనూ లేదు. చేరేముందు ఒక్కటి అడగండి: టీచర్ యాస ఏది? చాలామంది ఈ ప్రశ్న అడగరు. ఫీజు, టైము, పార్కింగ్ గురించే అడుగుతారు.

రేడియో మొదటి రోజు నుంచే పెట్టుకోండి, అర్థం కాకపోయినా. వంట చేసేటప్పుడు ఓ పక్కన నడవనివ్వండి. భాష లయ చెవికి పడుతుంది. పిల్లలుంటే టీజీ ఫోర్ వాళ్ళ పిల్లల ఛానల్ కూలా ఫోర్ ఇంకా మేలు. కార్టూన్‌లో ఎవరేం చేస్తున్నారో కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి సగం అర్థమైపోతుంది.

గేల్టాక్ట్‌కి వెళ్ళి వారం ఉండి నేర్చుకోవడం అన్నిటికన్నా ఖర్చెక్కువైన దారి, అన్నిటికన్నా వేగమైనది కూడా. డోనెగాల్‌లో గ్లెన్ ఖొలమ్ కిల్లె అనే ఊళ్ళో ఒయిదస్ గేల్ 1984 నుంచి పెద్దవాళ్ళకి ఇలాంటి కోర్సులు పెడుతోంది. కానీ సున్నాతో వెళ్ళకండి. కనీసం నలభై, యాభై వాక్యాలు నోటిలో ఆడుతుంటే ఆ వారం డబ్బు వసూలవుతుంది. 2016లో డబ్లిన్‌లో మొదలైన పాప్-అప్ గేల్టాక్ట్ కూటములు కూడా అంతే. ఏదో ఒక పబ్బులో కలిసి ఐరిష్‌లో కబుర్లు చెప్పుకుంటారు. ఖర్చు మీ టీనో, పింటు బీరో. తెలియని దశలో వెళ్తే మూలన నిలబడి నవ్వుతూ ఉండాలి.

ముందు ఏ మాటలు?

పలకరింపులతో మొదలుపెట్టమని అందరూ అంటారు. ఐరిష్ పలకరింపు ముచ్చటగా ఉంటుంది. ఒకరు 'దీయ గిత్' అంటారు, దేవుడు నీకు తోడు అన్నట్టు. జవాబుగా 'దీయ స్ ముర్ర గిత్', దేవుడూ మేరీ మాతా తోడు అంటారు. బాగానే ఉంది. కానీ నా సలహా వేరు. ముందు 'తా', 'నీల్' నేర్చుకోండి. ఉంది, లేదు.

ఐరిష్‌లో అవునుకీ కాదుకీ విడిగా మాటలు లేవు. ప్రశ్నలోని క్రియనే తిప్పి చెబుతారు. 'అన్ విల్ ఒక్రస్ ఒర్త్?' అంటే ఆకలిగా ఉందా? 'తా' అంటే ఉంది. 'నీల్' అంటే లేదు. మా క్లాసులో ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళు 'ఎస్ అని ఎలా అనాలి' అని మూడు వారాలు అడుగుతూనే ఉన్నారు. నాకా సమస్యే రాలేదు. "తిన్నావా?" అంటే "తిన్నాను" అనే ఇంట్లో పెరిగాం.

అలాగే ఆ భాషలో 'కలిగి ఉండు' అనే క్రియ లేదు. 'తా గేల్గె అగమ్' అంటే 'నా దగ్గర ఐరిష్ ఉంది', అంటే నాకు ఐరిష్ వచ్చు. 'తా ఒక్రస్ ఒరమ్' అంటే 'నా మీద ఆకలి ఉంది'. మనకు ఆకలి 'వేస్తుంది', వాళ్ళకు మీద పడుతుంది. నేను ఆకలిని కలిగి ఉన్నాను అని ఇద్దరమూ అనం. ఈ రెండు మూసలు పట్టుకుంటే చలి, దాహం, నిద్ర, టైము, డబ్బు అన్నీ అందులోనే పోతపోయొచ్చు. వాక్యంలో క్రియ ముందుకొస్తుందన్నది ఒక్కటే మనకు తిరగేసినట్టుంటుంది. మనం క్రియ కోసం చివరిదాకా ఆగుతాం, వాళ్ళు దానితోనే నోరు తెరుస్తారు.

దయచేసి అనడానికి 'లె ద హిల్'. సెలవు తీసుకోవడానికి 'స్లాన్'. గ్లాసెత్తితే 'స్లాంచ'.

ఇక ఎవరికి ఏది. పిల్లల హోంవర్క్ కోసమైతే స్కూలు టీచర్ యాస కనుక్కుని, తాంగ్‌లన్‌లో ఆ బటన్ నొక్కుతూ, వారానికి మూడు వాక్యాలు వాళ్ళతోపాటే నేర్చుకోండి. క్లాసు అక్కర్లేదు, పిల్లలే క్లాసు. ఆఫీసు కోసమైతే ముందు సహోద్యోగుల పేర్లు, తర్వాత పది మాటలు, చాలు. నిజంగా మాట్లాడాలనుంటే యాప్ సంగతి తర్వాత, సాయంత్రం క్లాసులో చేరండి, కానాక్ట్ రేడియో పెట్టుకోండి, ఏడాదికి గేల్టాక్ట్‌లో ఒక వారం లెక్కలో ఉంచుకోండి. సర్టిఫికెట్ కావాలంటే మేనూత్ విశ్వవిద్యాలయం నడిపే టీఈజీ పరీక్షలున్నాయి, మొదటి స్థాయి ఎ-ఒకటి. ఇంకా హైదరాబాద్‌లోనే ఉండి వీసా కోసం చూస్తున్నవాళ్ళయితే తాంగ్‌లన్, కూలా ఫోర్ చాలు. విమానం దిగాక బస్సు నుదుటి మీద 'అన్ లార్' అని కనిపిస్తే సిటీ సెంటర్‌కి వెళ్తోందని అర్థమవుతుంది.

ఏ దారి ఎంచుకున్నా సరే, ఈ రెండు మాటలు మాత్రం ప్రయాణానికి ముందే నేర్చుకోండి: 'ఫిర్', 'మ్నా'. పాత పబ్బుల్లో టాయిలెట్ తలుపుల మీద బొమ్మలుండవు, ఈ రెండు మాటలే ఉంటాయి. మొదటిది ఎఫ్‌తో మొదలవుతుంది, రెండోది ఎం అక్షరంతో. ఎఫ్ అంటే ఫిమేల్, ఎం అంటే మేల్ అనుకుని గాల్వేలో ఒక పబ్బులో నేను ధీమాగా ఎం ఉన్న తలుపు తోశాను. లోపల చేతులు కడుక్కుంటున్న ముసలావిడ అద్దంలోంచే నన్ను చూసి, వేలితో పక్క తలుపు చూపించి, "ఫిర్" అంది. ఉచ్చారణ మాత్రం చాలా స్పష్టంగా ఉంది.